వదిన ఫిలిప్పీన్స్ పౌరురాలు, వైజాగ్‌లోనే ఉంటోంది. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు తీసుకోవాలా, పౌరసత్వానికే వెళ్లాలా?

అక్కయ్యపాలెం అమ్మాయి:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా అన్నయ్య మర్చంట్ నేవీలో ఇంజినీరు. ఓడెక్కితే నెలల తరబడి ఇంటికి రాడు. వదినది ఫిలిప్పీన్స్‌లో సెబూ. 2022లో ఇక్కడే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లయింది. అప్పట్నుంచీ అమ్మానాన్నలతో, నాతో కలిసి ఈ ఇంట్లోనే ఉంటోంది. బాబు 2024లో ఇక్కడే పుట్టాడు, జీవీఎంసీ బర్త్ సర్టిఫికెట్ ఉంది. వదిన ఎక్స్ వీసా (ఇక్కడి కుటుంబంతో ఉండటానికిచ్చే వీసా) మీద ఉంది. గడువు దగ్గరపడిన ప్రతిసారీ ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో (విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు వెబ్‌సైట్‌లో) పొడిగింపుకు పెట్టుకోవాలి, దానికి అన్నయ్య సంతకంతో లెటర్ కావాలి. ఆయనేమో ఎక్కడో సముద్రం మధ్యలో ఉంటాడు, ఓడలో నెట్ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. వీసా వచ్చేదాకా ఇంటిల్లిపాదికీ టెన్షనే.

ఈ మధ్య ఓటర్ల జాబితా అంటూ బీఎల్ఓ (బూత్ స్థాయి అధికారి) ఇంటికొచ్చాడు. అమ్మ ప్రేమ కొద్దీ "మా కోడలి పేరు కూడా రాయి బాబూ" అంది. ఆధార్ ఉందా అని అడిగాడు. ఉంది. అయితే ఇవ్వండి సరిపోతుంది అన్నాడు. వదిన లోపలికెళ్లి బీరువాలోంచి కార్డు తెచ్చి చేతిలో పెట్టబోతుంటే నాకెందుకో అనుమానమొచ్చి ఆపాను. అమ్మ నా మీద అలిగింది, పరాయి దాన్ని చేసి మాట్లాడుతున్నావని. నేను చేసింది రైటేనా?

ఇక అసలు ప్రశ్నలు. ఓసీఐ కార్డు తీసుకుంటే నయమా, ఏడేళ్లు ఆగి నేరుగా భారత పౌరసత్వానికి పెట్టుకుంటే నయమా? బాబుకి ఫిలిప్పీన్స్ పాస్‌పోర్ట్ కూడా తీసుకోమని వాళ్ల అమ్మమ్మ అడుగుతోంది, తీసుకోవచ్చా? వదిన అక్కడ టీచర్‌గా చేసింది, మా వీధిలో ప్లేస్కూల్ వాళ్లు రమ్మంటున్నారు, వెళ్లవచ్చా? ఇంకోటి అడగడానికే మనసు ఒప్పట్లేదు గానీ, అన్నయ్యది సముద్రం మీద ఉద్యోగం. రేపు ఏదైనా జరిగితే వదినకి ఈ ఇంట్లో, ఈ దేశంలో హక్కు ఏంటి?

హార్బర్ రాజు:

చెల్లెమ్మా, నేనూ ఓడ మనిషినే. మా ఆవిడది ఇండోనేషియా, ఓసీఐ వచ్చి చాలా కాలమైంది. రెండో ఆలోచన లేకుండా ముందు ఓసీఐకి వేసేయండి. పెళ్లి రిజిస్టరై, రెండేళ్లు తెగకుండా నడిచి ఉండాలన్నది రూలు. మీకు అది ఎప్పుడో దాటింది.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఇండియాలో ఉండి వేస్తే ఫీజు 15,000 రూపాయలు. ఆమె పాస్‌పోర్ట్, వీసా, పెళ్లి సర్టిఫికెట్, మీ అన్నయ్య ఇండియన్ పాస్‌పోర్ట్, ఇంటి అడ్రసు రుజువు, ఇవి ముఖ్యం. తర్వాత ఎంక్వయిరీ ఉంటుంది. మా ఇంటికి కానిస్టేబుల్ వచ్చి పక్కింటివాళ్లని, కింద కిరాణా కొట్టాయన్నీ అడిగాడు, వీళ్లు నిజంగా కలిసే ఉంటున్నారా అని. తర్వాత ఇద్దర్నీ పిలిచి విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడారు. ఎక్కడ కలిశారు, పెళ్లికి ఎవరొచ్చారు, అత్తగారి పేరేంటి, ఇలాంటివే. దొంగ పెళ్లిళ్లు ఉంటాయి కాబట్టి అడుగుతారు, కంగారు పడక్కర్లేదు. పెళ్లి ఫొటోలు, ఇద్దరి పేర్ల మీద ఉన్న బ్యాంకు పాస్‌బుక్, మీ అన్నయ్య ఇంటికి పంపిన డబ్బుల వివరాలు ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లమనండి.

కార్డు వచ్చాక ఇక వీసా గొడవే ఉండదు. ఎన్నాళ్లున్నా ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ దగ్గర రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ప్లేస్కూల్ ఉద్యోగం మాత్రం కార్డు చేతికొచ్చాకే. ఎక్స్ వీసా ఇచ్చింది మీ అన్నయ్యతో ఉండటానికి, జీతానికి పని చేయడానికి కాదు. స్కూలువాళ్లు ఏం ఫర్లేదు అన్నా వినొద్దు. రేపు ఇబ్బంది వచ్చేది స్కూలుకి కాదు, మీ వదినకి.

కొబ్బరితోట శీను:

నేను విన్నదేంటంటే ఓసీఐ తీసుకున్నవాళ్లకి ఇక పౌరసత్వం ఇవ్వరంట. పైగా పౌరసత్వానికి భాష పరీక్ష ఉంటుందంట, హిందీ రావాలంట. ఎవరైనా కన్ఫర్మ్ చేయండి. అది నిజమైతే ఈ అమ్మాయిగారు ఏడేళ్లు ఆగడమే మంచిది కదా.

నల్లకోటు:

ఈ రెండు మాటలూ ఊళ్లో బాగా తిరుగుతున్నాయి, నా దగ్గరికొచ్చేవాళ్లు కూడా ఇదే అంటారు. రెండూ నిజం కావు.

పౌరసత్వ చట్టం 1955లో సెక్షన్ 5 అంటే రిజిస్ట్రేషన్, సెక్షన్ 6 అంటే నాచురలైజేషన్ (ఇక్కడ చాలా ఏళ్లు నివసించినదాని మీద వచ్చేది). భాష సంగతి సెక్షన్ 6 దారిలో వచ్చేవాళ్లకి. అక్కడ కూడా హిందీయే రావాలని లేదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న ఏ భాష అయినా సరే, అందులో తెలుగు ఉంది. భారతీయుణ్ణి పెళ్లాడి ఏడేళ్లు ఇక్కడ ఉన్నవాళ్లది సెక్షన్ 5(1)(సి), రిజిస్ట్రేషన్ దారి. అక్కడ ఈ షరతే లేదు.

ఓసీఐ వల్ల దారి మూసుకుపోవడం కాదు, ఇంకో దారి తెరుచుకుంటుంది. 5(1)(జి) ప్రకారం ఓసీఐ కార్డుదారుగా నమోదై అయిదేళ్లు నిండి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడే నివాసం ఉంటే పౌరసత్వానికి పెట్టుకోవచ్చు. కాబట్టి అమ్మాయీ, ఇప్పుడు ఓసీఐ తీసుకుంటే పెళ్లి మీద నడిచే ఏడేళ్ల లెక్కా ఆగదు, కార్డు మీద అయిదేళ్ల లెక్కా మొదలవుతుంది. ఏది ముందు పూర్తయితే దాంతో వెళ్లవచ్చు. ఓసీఐయా పౌరసత్వమా అని రెండింటినీ పోటీ పెట్టి ఆలోచించడం వల్లే చాలామంది ఏళ్లకేళ్లు వృథా చేసుకుంటున్నారు.

ఏడేళ్ల లెక్కలో ఒక మెలిక ఉంది, దాన్ని జాగ్రత్తగా చూడాలి. దరఖాస్తుకు ముందరి పన్నెండు నెలలు దేశం వదలకుండా ఉండాలి. ఆ పన్నెండు నెలలకు ముందున్న ఎనిమిదేళ్లలో మొత్తం ఆరేళ్లకు తగ్గకుండా ఉండాలి. అంటే మధ్యలో పుట్టింటికి వెళ్లి రావడం తప్పేం కాదు, ఆ రోజులు తీసేసి మిగతావి కూడుతారు. చివరి ఏడాదిలో మాత్రం అలా కుదరదు. ప్రత్యేక కారణాలుంటే కేంద్రం సడలింపు ఇవ్వవచ్చు గానీ, అదీ విడతలవారీగా అన్నీ కలిపి ముప్పై రోజులకు మించదు. ఏటా వేసవిలో సెబూ వెళ్లే అలవాటు ఉంటే, దరఖాస్తు పెట్టే ఏడాది వాళ్ల అమ్మగారినే ఇక్కడికి రమ్మనండి. పాత పాస్‌పోర్టులు పారేయకండి, వెళ్లిన ముద్ర, వచ్చిన ముద్ర ఉన్న ప్రతి పేజీ స్కాన్ చేసి పెట్టుకోండి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపాక మహారాణిపేటలో కలెక్టరేట్‌కి వెళుతుంది, అక్కడి నుంచి రాష్ట్ర ప్రభుత్వానికి, తర్వాత కేంద్ర హోం శాఖకు. అన్ని బల్లల మీదా మొదట చూసేది ఈ తేదీలే.

ఓటరు విషయంలో మీరు చేసింది నూటికి నూరుపాళ్లు రైటు. ఆధార్ నివాసానికి ఇచ్చే కార్డు, పన్నెండు నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉన్న విదేశీయులకు కూడా ఇస్తారు. అది పౌరసత్వానికి రుజువు కాదు. ఓటరు ఫారం మీద సంతకం పెట్టడమంటే నేను భారత పౌరురాలిని అని రాసివ్వడమే. తప్పుడు డిక్లరేషన్‌కి ప్రజాప్రాతినిధ్య చట్టం 1950లో సెక్షన్ 31 కింద ఏడాది దాకా జైలు ఉంది. అంతకంటే పెద్ద నష్టం, రేపు పౌరసత్వ దరఖాస్తు ఎంక్వయిరీలో ఆ పేరు బయటపడటం. అమ్మగారికి నచ్చజెప్పండి, ఆ రోజు ఫారం ఆపింది కోడల్ని కాపాడుకోవడానికే అని.

వీసా గడువు కూడా ఒక్క రోజు దాటనివ్వకండి. 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లో ఉంది. గడువు మీరి ఉంటే మూడేళ్ల దాకా జైలు, మూడు లక్షల దాకా జరిమానా.

మిగతా రెండు ప్రశ్నలకు సాయంత్రం రాస్తాను, కోర్టుకి టైమైంది.

పెందుర్తి తాతయ్య:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నారు. మనవడు అక్కడే 2022లో పుట్టాడు, ఇప్పుడు మా దగ్గర పెరుగుతున్నాడు, ఓసీఐ ఉంది. ఓసీఐ ఉంటే మన పిల్లల్లాగే నీట్, జేఈఈ రాసి సీటు తెచ్చుకోవచ్చని అల్లుడు అంటున్నాడు. నిజమేనా?

ఎంవీపీ మాస్టారు:

రాయడం రాయవచ్చు తాతయ్యగారూ, సీటు దగ్గరే తేడా. 2021 మార్చి 4న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ పిల్లలు ఎన్నారై సీట్లకో, సూపర్‌న్యూమరరీ (అదనంగా పెట్టే) సీట్లకో మాత్రమే అర్హులు, భారత పౌరులకు మాత్రమే కేటాయించిన సీట్లు వాళ్లకు రావు. దీని మీద 2023లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఆ తేదీకి ముందే ఓసీఐ తీసుకున్నవాళ్లకు పాత హక్కులు ఉంటాయి, తర్వాత తీసుకున్నవాళ్లకు కొత్త నోటిఫికేషనే వర్తిస్తుందని. మీ మనవడు పుట్టిందే 2022లో కాబట్టి రెండో కోవలోకే వస్తాడు. ఎన్నారై కోటా ఫీజులు ఎలా ఉంటాయో మీకు తెలిసే ఉంటుంది, ఇప్పట్నుంచే ఆలోచించుకోండి.

తల్లిదండ్రులిద్దరూ ఇంకా భారత పౌరులే కాబట్టి మైనర్ పిల్లవాణ్ణి రిజిస్టర్ చేయించే క్లాజు, 5(1)(డి), చట్టంలో ఉంది. కానీ రెండు పౌరసత్వాలు మన చట్టం ఒప్పుకోదు, అమెరికా పౌరసత్వాన్ని పిల్లవాడి తరఫున తల్లిదండ్రులు వదిలేయడం అమెరికా చట్టం ఒప్పుకోదు. అక్కడే ఇరుక్కుంటారు. అల్లుడుగారు ఎవరైనా మంచి లాయరుతో మాట్లాడితే మేలు.

నల్లకోటు:

మాస్టారు చెప్పింది సరిగ్గా ఉంది.

అమ్మాయీ, ఇక బాబు సంగతి. తండ్రి భారత పౌరుడు, తల్లి సరైన వీసా మీద ఉంది, పుట్టింది ఇక్కడ. సెక్షన్ 3 ప్రకారం వాడు పుట్టుకతోనే భారత పౌరుడు. ఎవర్నీ అడగక్కర్లేదు, ఇండియన్ పాస్‌పోర్ట్ తీసేయండి. తల్లి ఫిలిప్పీనా కాబట్టి వాళ్ల 1987 రాజ్యాంగం ప్రకారం అక్కడి పౌరసత్వం కూడా పుట్టుకతోనే ఉంది, దానికోసం ఇప్పుడు ప్రత్యేకంగా ఏమీ చేయక్కర్లేదు. చిక్కంతా రెండో పాస్‌పోర్ట్ తీసుకుంటేనే. మన పౌరసత్వ నియమాల్లో వేరే దేశం పాస్‌పోర్ట్ పుచ్చుకోవడాన్ని ఆ దేశ పౌరసత్వం కోరి తీసుకున్నదానికి రుజువుగా చూస్తారు. పసివాడి విషయంలో అది చెల్లుతుందా లేదా అని తర్వాత కోర్టులో ఎంతైనా వాదించుకోవచ్చు, కానీ ఆ వాదన మనకెందుకు తెచ్చుకోవడం? అమ్మమ్మని చూడటానికైతే 2025 జూన్ నుంచి భారతీయులు ఫిలిప్పీన్స్‌కి పద్నాలుగు రోజుల దాకా వీసా లేకుండానే టూరిస్టుగా వెళ్లవచ్చు. పెద్దయ్యాక ఏ దేశం కావాలో వాడే తేల్చుకుంటాడు.

చివరి ప్రశ్న గురించి. దీన్ని అడగడానికి మొహమాటపడ్డారు గానీ, ఓడల మీద పనిచేసేవాళ్ల ఇళ్లలో ముందు అడగాల్సిందే ఇది.

ప్రత్యేక వివాహ చట్టం కింద హిందువు, హిందువు కాని మనిషిని పెళ్లాడితే (మీ వదిన క్యాథలిక్ అనుకుంటున్నాను) ఆయన ఆస్తికి హిందూ వారసత్వ చట్టం వర్తించదు, భారత వారసత్వ చట్టం 1925 వర్తిస్తుంది. వీలునామా లేకపోతే భార్యకు మూడో వంతు, పిల్లలకు మూడింట రెండు వంతులు. మన ఇళ్లలో భార్య, పిల్లలు, తల్లి సమానంగా పంచుకుంటారన్న లెక్క ఇక్కడ నడవదు, బిడ్డ ఉన్నాడు కాబట్టి మీ అమ్మగారికి ఆయన ఆస్తిలో వాటా రాదు. అందుకని మీ అన్నయ్య తన ఇష్టప్రకారం ఎవరికి ఎంతో వీలునామా రాసి రిజిస్టర్ చేయించి ఓడెక్కడం అందరికీ మంచిది. కంపెనీలో, బ్యాంకులో, ఇన్సూరెన్సులో నామినీ పేర్లు కూడా ఒకసారి సరిచూసుకోమనండి. చాలామందికి పెళ్లికి ముందు రాసిన తల్లి పేరే ఉండిపోతుంది. ఊళ్లో పొలం ఉంటే, ఓసీఐ మీద వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు, వారసత్వంగా రావడానికి అభ్యంతరం లేదు.

ఓసీఐ కార్డు భార్య హోదాలో వచ్చింది కాబట్టి విడాకులైతే రద్దు చేసే అధికారం కేంద్రానికి ఉంది, సెక్షన్ 7డి. ఏ కారణంతో రద్దు చేయాలన్నా ముందు ఆమె చెప్పేది వినాలని ఆ సెక్షన్‌లోనే ఉంది. నేను పౌరసత్వం దాకా వెళ్లమని చెప్పేది అందుకే. కార్డుతో ఈ దేశంలో ఉండవచ్చు, పని చేసుకోవచ్చు. కానీ ఆ కార్డు పెళ్లి మీద ఆధారపడి ఉంది. పౌరసత్వం వస్తే అలా కాదు.

ఇప్పుడు చెప్పేది మీ ఇంటి గురించి కాదు, చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. విదేశీ కోడలు అంటే దిక్కులేనిది కాదు. రాజ్యాంగంలో 14, 21 అధికరణాలు పౌరులకే కాదు, ఈ నేల మీదున్న ప్రతి మనిషికీ వర్తిస్తాయి. గృహహింస చట్టం 2005లో "ఏ స్త్రీ అయినా" అని ఉంది, పాస్‌పోర్ట్ రంగు అడగదు. కోడలి పాస్‌పోర్ట్ అత్తింటివాళ్లు బీరువాలో పెట్టి తాళం వేసుకున్న కేసులు నేను చూశాను. అది వాళ్ల వస్తువు కాదు. అది ఆమె దేశ ప్రభుత్వం ఆమెకి ఇచ్చింది, ఆమె దగ్గరే ఉండాలి. పోలీసుల దగ్గరికి వెళ్లవచ్చు, తన దేశం ఎంబసీకి ఫోన్ చేయవచ్చు. వీసా భర్త చేతిలో ఉందని భయపడి దెబ్బలు తింటూ ఉండిపోనక్కర్లేదు.

సీతమ్మధార అక్క:

నల్లకోటు మేడం చెప్పినవన్నీ సరే గానీ పౌరసత్వం వైపు అంత తొందరపెట్టకండి. ఆ అమ్మాయికి అక్కడ తల్లి ఉంది, ఇల్లుంది. మన పౌరసత్వం తీసుకుంటే ఫిలిప్పీన్స్‌ది వదులుకోవాలి. వాళ్ల 2003 చట్టం ప్రకారం ప్రమాణం చేసి మళ్లీ తీసుకోవచ్చంట, కానీ అలా తీసుకున్న క్షణం మనది పోతుంది. విదేశీయులు అక్కడ భూమి కొనలేరు, వారసత్వంగా వస్తే తప్ప. పుట్టుకతో అక్కడి పౌరులై ఉండి తర్వాత వదులుకున్నవాళ్లకైనా ఒక పరిమితి వరకే కొనే వీలుంది. రేపు అమ్మ మంచాన పడితే నెలలు నెలలు అక్కడ ఉండాల్సి వస్తే ఏం చేస్తుంది? నా మటుకు నేను చెప్పేది, ఆ నిర్ణయం అన్నయ్యా కాదు, ఆడపడుచూ కాదు, ఆమే తీసుకోవాలి. ఆమెని కూర్చోబెట్టి, ఈ కాగితాలన్నీ ముందు పెట్టి, నీకేం కావాలని ఎవరైనా అడిగారా?

అక్కయ్యపాలెం అమ్మాయి:

అక్కా, మీరు అడిగాక నిన్న రాత్రి అడిగాను. అన్నయ్య వీడియో కాల్‌లో ఉన్నాడు, ఈ చర్చ మొత్తం వదినకి చదివి వినిపించాను. మా తెలుగు బానే అర్థమవుతుంది తనకి, చట్టం ముక్కలు మాత్రం ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది. తను చెప్పింది ఇది: ఓసీఐ ఇప్పుడే కావాలి, ఉద్యోగం చేయాలనుంది. పౌరసత్వం గురించి మాత్రం వాళ్ల అమ్మ ఉన్నన్నాళ్లూ ఆలోచించను అంది. అన్నయ్య కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత నీ ఇష్టం అన్నాడు. తేదీల లెక్క మాత్రం ఇవాళ్టి నుంచే రాసిపెడదాం, తర్వాత మనసు మారితే ఉపయోగపడుతుంది అనుకున్నాం. వీలునామాకి అన్నయ్య ఒప్పుకున్నాడు. వాటా సంగతి అమ్మకి చెప్తే, నాకెందుకే ఆస్తి, పిల్లాడికి రాయమను అంది.

మేడం, అవును, వదిన క్యాథలిక్కే. మీ రుణం తీర్చుకోలేను. రాజు అన్నా, చివరగా ఒక్కటి. అన్నయ్య ఓడ దిగేది వచ్చే నెల. మళ్లీ ఎక్కేలోపు ఈ ఓసీఐ పని అయిపోతుందా?

హార్బర్ రాజు:

కార్డు చేతికి రావడం ఆయన సెలవులోపు అవుతుందని నేను చెప్పలేను చెల్లెమ్మా, సెక్యూరిటీ క్లియరెన్సుకి ఎంత పడుతుందో మన చేతిలో లేదు. కానీ ఇద్దర్నీ పిలిచినప్పుడు ఆయన ఊళ్లో ఉండాలి. అందుకని ఆయన దిగేదాకా ఆగకుండా ఇప్పుడే ఫారం నింపి, స్కాన్లు రెడీ చేసి పెట్టండి, దిగిన మర్నాడే సబ్మిట్ కొట్టేయండి. ఈలోగా ఎక్స్ వీసా గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకోండి. ఓసీఐకి వేశాం కదా అని పొడిగింపు మానకూడదు, కార్డు వచ్చేదాకా వీసా బతికే ఉండాలి. ఆ లెటర్ మీద కూడా ఆయన ఊళ్లో ఉండగానే సంతకం చేయించుకుని ఉంచండి.

ఇంకోటి. కార్డు వచ్చాక ఆమె పాస్‌పోర్ట్ మారిన ప్రతిసారీ, కొత్త పాస్‌పోర్ట్ కాపీ, ఫొటో, పెళ్లి ఇంకా కొనసాగుతోందన్న డిక్లరేషన్ మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. ఫారంలో ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే అడగండి, ఈ నెలంతా నేను ఒడ్డు మీదే ఉంటాను.